ఇంకొక్కటి బిగిస్తే బయలుదేరడమే

శ్రీరంగనాయకులు గారికి బయలుదేరడం రాదు. ప్రయాణానికి సిద్ధం కావడంలో ఆయనతో పోటీపడగల మనిషి గోదావరికి ఈ ఒడ్డునా లేడు, ఆ ఒడ్డునా లేడు. సిద్ధమయ్యాక గుమ్మం దాటాలన్న సంగతి మాత్రం ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు. "ఇంకొక్కటి బిగిస్తే బయలుదేరడమేనండీ" అన్నది ఆయన నిత్యపారాయణం. ఆ ఒక్కటీ బిగించేలోగా మరొకటి పుట్టుకొచ్చేది.

తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల టోకు వ్యాపారం చేసి, అలసి, కొట్టు తాళాలు కొడుకు చేతిలో పెట్టిన మర్నాడే ఆయన కొత్త ఫోర్ వీల్ డ్రైవు బండి కొన్నారు. గోధుమ రంగు బండి. ఏనుగు పిల్లంత ఎత్తు. నాయకులు గారు మనిషి పొట్టి. బండి ఎక్కాలంటే రెండడుగులు వెనక్కి వేసి, ఊపు తెచ్చుకుని, స్టీరింగు పట్టుకుని ఎగరాలి. ఒక్కోసారి ఆయన లోపలికి చేరేవారు, చెప్పు మాత్రం వీధిలో ఉండిపోయేది.

ఆ బండిలో రాజస్థాన్ ఎడారికి వెళ్ళాలని సంకల్పం. పక్క సీటు సూర్యనారాయణ మాస్టారిది.

మాస్టారు పక్క వీధిలో ఉంటారు. జీవితమంతా పిల్లలకు తెలుగు చెప్పి రిటైరయ్యారు. డెబ్భై దాటినా ఎదుటివారి వాక్యంలో కర్త ఒకచోట, క్రియ ఒకచోట పడితే ఇప్పటికీ నిద్రపట్టదు. ఆయనకొక చిత్రమైన కోరిక ఉంది: నీళ్ళు లేని చోటు చూడాలి. నవ్వకండి. ఇంటికి ఒకవైపు కాలువ, మరోవైపు పంట బోదె, ఎటు చూసినా చేపల చెరువులు, వాన పడితే వీధే ఏరు. అలాంటి నేలమీద డెబ్భై ఏళ్ళు తడిసిన మనిషికి, కనుచూపు మేర పొడిగా ఉండే భూమి ఒకటుందని తెలిస్తే మనసు లాగదా? తరగతిలో ఎన్నో ఏళ్ళు ఎడారిని వర్ణించారు. ఆ ఇసుకను ఒక్కసారీ తొక్కలేదు.

"ఇసుక కోసం అంత దూరమెందుకండీ? గుమ్మం ముందు ఓ ట్రాక్టరు ఇసుక పోయించుకుంటే సరిపోలా?" అన్నారు ఆయన భార్య కనకరత్నం గారు.

మోకాళ్ళ డాక్టరు "ఈ ఏడాదికి తిరగండి, వచ్చే ఏడాది సంగతి వచ్చే ఏడాది చూద్దాం" అన్న మాట మాస్టారు మనసులోనే ఉంచుకున్నారు. ఆ సన్నాయి నొక్కుల అర్థం ఆయనకు తెలియంది కాదు. వెళితే ఈ చలికాలమే వెళ్ళాలి. మాఘమాసం దాటితే ఎడారిలో ఎండ నిలవనివ్వదు. ఏడాది దాటితే మోకాళ్ళు నిలవనివ్వవు.

అందుకే కార్తీకంలోనే బట్టలు, చక్కెర జబ్బు మందులు సంచిలో సర్దేసి, వీధి వీధంతా తిరిగి వీడ్కోలు తీసుకున్నారు. ఎదురింటి మంగాయమ్మ గారు దారిలో తినమని మాగాయ జాడీ ఇచ్చారు. బండి కదల్లేదు. మాగాయ ఇంట్లోనే అయిపోయింది. ఖాళీ జాడీ ఏ మొహంతో తిరిగివ్వాలో తెలియక, మాస్టారు ఆ రోజునుంచి పెరటి సందులోంచి రాకపోకలు సాగించారు.

"నాయకులు గారూ, ఎప్పుడండీ?"

"వచ్చే గురువారం మాస్టారూ. గొట్టం ఒక్కటి బిగిస్తే బయలుదేరడమే."

గొట్టమంటే ఇంజన్ గాలి పీల్చుకోవడానికి బండి కప్పుదాకా లేచే నల్లటి గొట్టం. దాని పుణ్యమా అని నడుములోతు నీళ్ళలోనూ బండి ఆగదట.

"మనం వెళ్ళేది ఎడారికి కదండీ! అక్కడ నీళ్ళెక్కడివి?"

"మన అదృష్టం కొద్దీ మనం వెళ్ళిన రోజే వాన పడిందనుకోండి?"

వట్లూరులో రాజ్ కుమార్ అనే మెకానిక్ షెడ్డుంది. గొట్టం బిగించింది అతనే. బిగించాక నేరుగా ఎడారికి వెళ్ళవచ్చు కదా? కూడదు. మన ప్రాంతంలో కొత్త బండి ముందు కొల్లేటికోట వెళ్ళి, పెద్దింట్లమ్మ గుడి ఎదుట కొబ్బరికాయ కొట్టించుకుని, నాలుగు చక్రాలతో నాలుగు నిమ్మకాయలు తొక్కి గానీ పొలిమేర దాటదు. నాయకులు గారు ఆ ఆచారానికి తమ సొంత భాష్యం రాసుకున్నారు: కొత్త సామాను బిగించిన ప్రతిసారీ బండి మళ్ళీ కొత్తదే. అంచేత గొట్టానికో పూజ, బురదలోంచి బండిని లాగే ఇనుపతాడు యంత్రానికో పూజ, ఇసుకపారకో పూజ. ప్రపంచమంతా తిరగడానికి పుట్టిన ఆ బండి గణపవరం, ఆకివీడు మీదుగా కొల్లేటికోట వెళ్ళడం, తిరిగి రావడం తప్ప వేరే దారి ఎరగదు.

అక్కడి పూజారి గారికి కూడా అలవాటైపోయింది. "ఈసారి బొట్టు దేనికి పెట్టమంటారండీ?" అని బండి చుట్టూ వెతుక్కునేవారు.

ఈ పూజాయాత్రలన్నిటికీ మాస్టారు పక్కనుండవలసిందే. "ట్రయల్ అండీ, మీరు లేకపోతే ట్రయల్ కాదు" అనేవారు నాయకులు గారు. చెరువుగట్ల మీద గతుకుల్లో మాస్టారు నడుము పట్టుకుని, ఎవరికీ వినిపించకుండా "అబ్బా" అనేవారు. మరుసటి వారం బండి షెడ్డుకి. "ఎడారి కుదుపులకు ఈ సీటు పనికిరాదండీ" అని కొత్త సీటు వేయించేవారు. గూడబాతులను చూద్దామని గట్టుమీద ఆపితే, మాస్టారు దిగడానికి కాలు కిందికి చాపి, నేల అందక, మళ్ళీ పైకి లాక్కుని, "ఇక్కడినుంచే బాగా కనిపిస్తున్నాయి లెండి" అనేవారు. మరుసటి వారం మళ్ళీ షెడ్డుకి. ఈసారి తలుపు తీస్తే దానంతటదే కిందికి దిగే మెట్టు.

ఆ మెట్టు చూసి మాస్టారు పకపకా నవ్వారు. అది ఎడమవైపు ఉంది.

"అయ్యా, ఎగిరి ఎక్కేది మీరు! మెట్టు నావైపు బిగించారేమిటండీ?"

"ఔనండోయ్! రాజ్ కుమార్ పొరపాటు పడ్డాడు. పోన్లెండి, విప్పితే రంగు పోతుంది."

ఆ తరువాత పట్టుకుని పైకి లేవడానికి ఓ పిడి వచ్చింది. అదీ ఎడమవైపే. బండి కప్పుమీద విప్పుకునే డేరా ఒకటి వచ్చింది. దాని నిచ్చెన చూసి మాస్టారు మోకాలు తడుముకున్నారు. వారం తిరిగేసరికి ఆ డేరా పోయి, నేలమీద వేసుకునేది వచ్చింది. మడత మంచం వచ్చింది. చివరికి మడతపెట్టుకునే కమోడ్ కుర్చీ కూడా దిగితే మాస్టారికి ఒళ్ళు మండింది.

"దీనికి కూడా అమ్మవారి చేత బొట్టు పెట్టిస్తారా?"

"దానికి మాత్రం దూరంనుంచి దణ్ణం పెడదామండీ."

నాయకులు గారి భార్య దుర్గాదేవి గారు మజ్జిగ గ్లాసులు తెచ్చి, "ఈయన ఎడారికి వెళ్ళేలోపు ఎడారే విసుగెత్తి మన గూడెం వచ్చేస్తుంది, చూస్తూ ఉండండన్నయ్య గారూ" అన్నారు.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పకపోతే కథ కుంటుతుంది. రెండేళ్ళ కిందట నాయకులు గారు మాస్టారికి ఓ చేతికర్ర కొని తెచ్చారు. మంచి కర్ర, వెండి పొన్ను. "నేనేమన్నా ముసలివాణ్ణా? కర్ర తీసుకొచ్చి చేతికిస్తారా?" అని మాస్టారు దాన్ని ఆ పూటే తిప్పి పంపించి, సంక్రాంతి వెళ్ళేదాకా మాటలు మానేశారు. ఆ కర్ర ఇప్పటికీ నాయకులు గారి పెరట్లో చిక్కుడు పందిరి మోస్తోంది.

పుష్యం వెళ్ళింది. బండిలో ఫ్రిజ్జు వచ్చింది. "నిమ్మకాయ సోడాలకండీ. పైఅర మాత్రం ఖాళీగా ఉంచాలి, సీసాలు పట్టవు" అన్నారు నాయకులు గారు. మాస్టారికి ఒకటే పని. రోజూ సంచి విప్పడం, మళ్ళీ సర్దడం. కుర్చీలో కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే వీధివైపు చూడాలనిపించేది. గోధుమ రంగు బండి ఎక్కడ కనిపించినా గుండె ఒక్కసారి లేచి, మళ్ళీ కూలబడేది. మాఘం వచ్చింది.

"నాయకులు గారూ, ఈ గురువారం?"

"హారన్ ఒక్కటి మార్పిస్తే—"

మాస్టారు మాట పూర్తి కానివ్వలేదు. సగంలో ఆగిన వాక్యాన్ని అలా వదిలేయడం ఆయన జీవితంలో అదే మొదటిసారి.

"మీకు భయమండీ. ఊరు దాటడమంటే భయం. ఆ మాట చెప్పడం చేతకాక ఇనుము కొంటున్నారు" అనేసి ఇంటికి వచ్చేశారు.

మర్నాడు ఉదయం సంచి భుజాన వేసుకుని ఒక్కరే స్టేషనుకి వెళ్ళారు. బెజవాడ వెళ్ళి, అక్కడినుంచి ఏ రైలు దొరికితే ఆ రైలు. ఆటో ఎక్కడానికే రెండుసార్లు ప్రయత్నించవలసి వచ్చింది. రైలు అవతలి ప్లాట్‌ఫారం మీదికి వస్తుందన్నారు. వంతెన మెట్లు ఎక్కడం మొదలుపెట్టారు. సగం దాకా వెళ్ళేసరికి మోకాళ్ళు రెండూ కలిసి మొరాయించాయి. మెట్టుమీదే కూర్చున్నారు.

"చెయ్యి ఇమ్మంటారా తాతగారూ?" అంది పైకి వెళుతున్న ఓ అమ్మాయి.

"అక్కర్లేదమ్మా. ఇక్కడ గాలి బావుందని కూర్చున్నాను."

ఆయన ఆ గాలి పీలుస్తుండగానే రైలు వచ్చింది, ఆగింది, వెళ్ళిపోయింది. పట్టాల మీద మిగిలిన ఎండను చూస్తూ మాస్టారు చాలాసేపు కూర్చున్నారు. డాక్టరు చెప్పిన వచ్చే ఏడాది ఈ ఏడాదే వచ్చేసిందని అర్థమైంది. ఎలాగో కమ్మీ పట్టుకుని, ఒక్కొక్క మెట్టే దిగి బయటికి వచ్చారు.

స్టేషను ముందు గోధుమ రంగు బండి ఉంది. కనకరత్నం గారు ఫోను చేశారన్నది స్పష్టం. కానీ నాయకులు గారు ఆ ఊసే ఎత్తలేదు.

"అరే, మాస్టారూ! ఇటుగా హారన్ ట్రయల్‌కి వచ్చానండీ. ఇంటికేగా? ఎక్కండి."

కోపం తీరలేదు గానీ నిలబడే ఓపిక లేదు. మాస్టారు తలుపు తీశారు, ఎక్కారు, కూర్చున్నారు.

కూర్చున్నాక ఉలిక్కిపడ్డారు. ఆటో ఎక్కలేకపోయిన మనిషి, వంతెన మెట్లు సగంలో వదిలేసిన మనిషి, ఏనుగు పిల్లంత ఎత్తున్న ఈ బండి ఎలా ఎక్కాడు? "అబ్బా" అనకుండా ఎలా ఎక్కాడు? కిందికి చూశారు. పాదం చూడకుండానే వెతుక్కున్న మెట్టు. పక్కకు చూశారు. చెయ్యి అడగకుండానే అందుకున్న పిడి. నడుమును పట్టి కూర్చోబెట్టిన సీటు.

అంతలో నాయకులు గారు బండి చుట్టూ తిరిగి కుడివైపు వచ్చారు. రెండడుగులు వెనక్కి వేశారు. ఎగిరారు. అందలేదు. మళ్ళీ ఎగిరారు. ఈసారి అందింది, చెప్పు కిందపడింది. దిగి, చెప్పు తొడుక్కుని, మూడోసారి ఎగిరి సీటులో పడ్డారు. రొప్పుతున్నారు.

మాస్టారు ఎడమవైపు చూశారు, కుడివైపు చూశారు. రాజ్ కుమార్ ఇన్నిసార్లు ఒకే పక్కన పొరపాటు పడే మనిషి కాడు.

"నాయకులు గారూ."

"చెప్పండి మాస్టారూ."

"ఫ్రిజ్జులో పైఅర ఎందుకు ఖాళీ?"

"చెప్పానుగా, సోడా సీసాలు పట్టవండీ."

"నా ఇన్సులిన్ పడుతుంది."

నాయకులు గారు సమాధానంగా హారన్ మోగించారు. ఎదురుగా ఎవరూ లేరు. ఇంకోసారి మోగించారు.

"బాగా పలుకుతోంది కదండీ," అన్నారు రోడ్డువైపే చూస్తూ.

మాస్టారి గొంతులో చాలా మాటలు వరుస కట్టాయి. ఒక్కదానికీ క్రియ దొరకలేదు. కళ్ళజోడు తుడుచుకుని, సర్దుకుని కూర్చున్నారు.

"ఇంటికి కాదు. వట్లూరు పోనివ్వండి, రాజ్ కుమార్ షెడ్డుకి."

"ఎందుకండీ? ఇంకేమీ లేదు, అన్నీ అయిపోయాయి. గురువారం బయలుదేరడమే!"

"ఎలా బయలుదేరతామండీ? ఇంకొక్కటి బిగించాలి. కుడివైపు మెట్టు."

"నాకెందుకండీ మెట్టు? నేనేమన్నా పొట్టివాణ్ణా?" అన్నారు నాయకులు గారు రోషంగా.

"అది బిగిస్తే గానీ నేను కదలను," అన్నారు మాస్టారు.

గురువారం ఉదయం మంగాయమ్మ గారికి ఖాళీ జాడీ తిరిగివ్వడానికి మాస్టారు ముందు వీధిలోంచే వెళ్ళారు. ఆవిడ జాడీ నింపి మళ్ళీ చేతిలో పెట్టారు. దుర్గాదేవి గారు చిక్కుడు పందిరికి వెదురుబొంగు ఆధారం పెట్టి, వెండి పొన్ను కర్ర తుడిచి బండి వెనకసీటులో పడేశారు. మాస్టారు దాన్ని చూశారు. చూడనట్టు ఊరుకున్నారు.

కొత్త మెట్టుకు కొల్లేటికోటలో పూజ జరిగింది. పూజారి గారు కుడివైపు వంగి బొట్టు పెట్టి, "మళ్ళీ వారం దేనికండీ?" అన్నారు. నాలుగు నిమ్మకాయలూ చితికాయి. ఆలపాడు దగ్గర బండి అలవాటుగా ఆకివీడు వైపు ముక్కు తిప్పబోయింది.

"నాయకులు గారూ! అటు కాదు, ఇటు," అన్నారు మాస్టారు.

బండి మొదటిసారి కైకలూరు దారి పట్టింది. కొంతదూరం పోయాక నాయకులు గారు వేగం తగ్గించి, మెల్లగా గొంతు సవరించుకున్నారు.

"మాస్టారూ... ఇప్పుడే తట్టిందండీ. ఇంకొక్కటి—"

మాస్టారు చేయి చాపి హారన్ గట్టిగా నొక్కారు. ఆ మోతలో మిగతా వాక్యం వినపడలేదు.