లిఫ్టు బాబాయి నోట ఫ్రెంచి మాట

మా బాబాయి లిఫ్టుల మెకానిక్. ఊళ్ళో ఏ మేడలో లిఫ్టు మధ్యలో ఆగినా ఆయనకే కబురు. యాభై దాటాక కంపెనీ ఆయన్ని సాయంత్రం ఫ్రెంచి క్లాసులో వేసింది. కొత్త లిఫ్టులు బిగించడానికి ఫ్రెంచి ఇంజినీరు వస్తాడట. ఆయనతో నాలుగు మాటలాడే మనిషి ఒకడైనా ఉండాలట.

పంతులమ్మ మొదటిరోజే బోర్డు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఒకే మాట రాసింది. రాజ్యాంగ విరుద్ధంగా అని దానర్థం.

"ఇది పలికితే ఇంకేదైనా పలకొచ్చు. ముక్కలు చేసుకోండి, ముక్కకో అచ్చు. చివర్లో ఉన్నవి మింగెయ్యండి" అంది.

"మింగేదానికి రాయడమెందుకమ్మా?" అన్నాడు బాబాయి.

"అది రాసినవాళ్ళనడగండి."

బాబాయి ఒకటి పట్టుకుంటే వదిలే రకం కాదు. గడ్డం గీసుకుంటూ, చెప్పులు తొడుక్కుంటూ ఒకటే జపం: "ఆఁ... తి... కోఁస్... తి... త్యు... స్యోఁ..." ఆ "స్యోఁ" దగ్గరే బండి ఆగిపోయేది. అక్కడ ముక్కుతో పలకొద్దని పంతులమ్మ గోల. తర్వాత అచ్చుంది కాబట్టి నకారం దానితో వెళ్ళిపోతుందట, "స్యొ... నెల్... మాఁ" అనాలట. పిన్ని మొదట జలుబు చేసిందనుకుంది. "ఆఁ" అన్నప్పుడల్లా తననే పిలుస్తున్నాడనుకుని "ఏంటండీ?" అంటూ వంటింట్లోంచి వచ్చేది. కొన్నాళ్ళకు విసుగెత్తి, నిజంగా పిలిచినా పలకడం మానేసింది.

ఇంట్లో పరువు దక్కక, బాబాయి పనిచేసే చోట లిఫ్టులో తలుపులు మూసుకుని సాధన మొదలుపెట్టాడు. ఒకరోజు అక్కడే ఆయన ఫోను మోగింది.

"నువ్వు పనికెళ్ళిన మేడ లిఫ్టులో ఎవరో ఇరుక్కుని మూలుగుతున్నారట, తొందరగా వెళ్ళు" అన్నాడు మేనేజరు.

"వెళ్ళక్కర్లేదు సార్. అది నేనే."

ఇంజినీరు రానే వచ్చాడు. మేనేజరు పక్కన నిలబడి బాబాయి ఆ పొడుగు మాటను ఒక్క ఊపిరిలో అప్పజెప్పాడు. ఎక్కడా తొట్రుపడలేదు. ఇంజినీరు మొహం వెలిగిపోయింది. ఇక ఆయన మాటలకు ఆనకట్ట లేదు. బాబాయికి ఒక్క ముక్క అంతుపడితే ఒట్టు. అయినా తగ్గుతాడా? "వీ, వీ" అని తలూపుతూనే ఉన్నాడు. అంటే ఔననే.

"ఏమంటున్నాడయ్యా?" అన్నాడు మేనేజరు.

"లిఫ్టు సంగతే సార్."

సాయంత్రం ఇంజినీరు పెట్టెతో సహా మా బాబాయి గుమ్మంలో నిలబడ్డాడు. బాబాయి కంగారుగా పంతులమ్మకు ఫోను చేసి ఆయన చేతిలో పెట్టాడు. అసలు సంగతి ఆవిడే నవ్వాపుకుంటూ చెప్పింది. హోటలు గదిలో రంగు వాసన భరించలేక, పని పూర్తయ్యేదాకా మీ ఇంట్లో ఉండనా అని ఆయన అడిగాడట.

పిన్ని నడుమున చేతులు పెట్టుకుంది. "రాజ్యాంగానికి విరుద్ధమని చెప్పి ఇంటికి మనిషిని తెచ్చారా!"

బాబాయికి భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఇంజినీరు మాత్రం పగలబడి నవ్వాడు. అంత శుభ్రంగా పలికేసరికి భాషంతా వచ్చనుకున్నాడట. కూర్చోబెట్టి "నాకు అర్థం కాలేదు" అనడమెలాగో ముందు నేర్పించాడు. అదేమో బాబాయికి చిటికెలో వచ్చేసింది.

పిన్ని ఇంజినీరును వెళ్ళగొట్టలేదు. కానీ మంచినీళ్ళడిగితే చాలు, మాట దిద్దేదాకా గ్లాసు తన దగ్గరే పెట్టుకునేది.

"నీలు" అనేవాడాయన.

"నీలు కాదు నాయనా, నీళ్ళు. నాలిక మడవండి."

ఆయన మడిచేవాడు. మళ్ళీ "నీలు" అనే వచ్చేది. చివరికొక పొద్దున "నీళ్ళు" అని అచ్చం మనలా అనేసరికి, పిన్ని మురిసిపోయి కూజా కూజానే ఆయన ముందు పెట్టింది.