పాట కట్టిన మనిషి బతికే ఉంది

మా పిన్ని పాటను జానపదం అన్నవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. జనం నోట పుట్టిందట. అది పుట్టింది ఇస్త్రీ దుకాణం పైన, మేం అద్దెకున్న ఒంటిగదిలో. పిన్ని గిన్నెలు తోముతూ చరణం కట్టి, మరచిపోకుండా నా చేత పాడించేది. తప్పు పాడితే తడిచేత్తో నెత్తిన మొట్టేది. ఆ మొట్టికాయలు కూడా జనమే వేశారా?

పెళ్ళి కాకముందే పిన్ని మా అమ్మ వెంట ఈ దేశం వచ్చింది. పగలు బట్టల మిల్లులో పని, సాయంత్రం నాటకశాలలో వేషాల బట్టలు సర్దే పని. ఒకసారి పనిమనిషి వేషం వేసే ఆమెకు జ్వరమొస్తే పిన్నిని నిలబెట్టారు. ఇక అంతే, జుట్టు నెరిసేదాకా పనిమనిషే. ఆమె మాటలో యాస ఉందట, రాణి వేషానికి పనికిరాదట. ఆ నాటకంలో పనిమనిషి గిన్నెలు తోమే సీనులో పిన్ని తన పాట పెట్టుకుంది. మా భాష ముక్క తెలియకపోయినా, జనం ఆ పాట కోసమే వచ్చేవారు.

తెర లేచే ముందు మేనేజరు మైకులో చెప్పేవాడు, వేల ఏళ్ళ నాటి పల్లెతల్లుల పాట వినబోతున్నారని. అందులో ఉన్నదల్లా కుళాయి కట్టేసిన మా ఇంటి యజమానురాలికి పెట్టిన శాపనార్థాలు. సొమ్మొకడిది, సోకొకడిది.

కొత్త డైరెక్టరు వచ్చాక అది ఇంకా ముదిరింది. "మీరు తప్పు పాడుతున్నారమ్మా. అసలు జానపదంలో ఇంత వేగం ఉండదు," అన్నాడు.

"ఈ పాట కట్టిందే నేను నాయనా."

"చిన్నప్పుడు విన్నవి మనమే కట్టినట్టు అనిపిస్తాయిలెండి," అని నవ్వాడు.

పిన్ని నేరుగా మేనేజరు దగ్గరికెళ్ళింది. "ఒక్కసారి మైకులో నా పేరు చెప్పండి, చాలు," అంది.

"జానపదమంటేనే టికెట్లు తెగుతాయమ్మా. నీ పేరు చెబితే అది మామూలు పాటైపోతుంది. ఇన్నేళ్ళూ లేనిది ఇప్పుడెందుకు?"

మర్నాటి ఆటలో పిన్ని పాట ఎత్తుకోలేదు. గిన్నె కింద పెట్టి, స్టేజి అంచుదాకా వచ్చి, అందరికీ తెలిసిన ఇక్కడి భాషలో చెప్పింది. "ఈ పాట నేను కట్టాను. మా ఇంట్లో, గిన్నెలు తోముకుంటూ కట్టాను. ఇది జానపదం కాదు. నేనింకా బతికే ఉన్నాను."

ముందు వరుసవాళ్ళు లేచి చప్పట్లు కొట్టారు. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. అది నాటకంలో డైలాగు అనుకున్నారు. "నిజమే చెబుతోందండీ, వినండి," అని హాల్లో కూర్చున్న నేను గొంతు చించుకుంటే, పక్క సీటాయన నా నోరు మూయించాడు, ఆట చెడగొడుతున్నానని.

తెర దిగాక డైరెక్టరు పరుగున వచ్చాడు. "అద్భుతం. రేపట్నుంచి రోజూ ఇదే చెప్పండి. కాకపోతే కొంచెం నెమ్మదిగా."

పిన్ని నడుముకు కట్టుకున్న పనిగుడ్డ విప్పి ఆయన భుజాన వేసింది. "జనం పాటేగా, ఆ జనం చేతే పాడించుకో," అని మెట్లు దిగింది.

ఆ నాటకం ఇప్పటికీ ఆడుతున్నారు. ఇంకెవరో ఆడమనిషి రోజూ గిన్నె కింద పెట్టి, అంచుదాకా వచ్చి, నేనింకా బతికే ఉన్నాను అంటుంది. హాలంతా లేచి నిలబడుతుంది. మా పిన్ని అక్కడికి నాలుగు వీధుల అవతలే ఉంటోంది.