సుపార్మి అత్తయ్య వెతికే మూడు కారణాలు

మా అత్తయ్య సుపార్మికి కోపం ముక్కు మీదే ఉంటుంది. క్లాతెన్ పట్నం పక్కన మా ఊళ్లో ఆవిడ నోటికి జడవని వాళ్లు లేరు. నేనైతే కొత్తకోడలిగా గిన్నె కింద పెట్టాలన్నా వణికేదాన్ని. నిరుడు రక్తపోటు పెరిగి కళ్లు తిరిగి పడిపోయాక, ఆరోగ్య కేంద్రం నర్సు ఒక కిటుకు నేర్పింది. ఎవరి మీదైనా మండిపడే ముందు, వాళ్లు అలా చేయడానికి వేరే కారణాలు మూడు పైకి చెప్పుకోవాలి. ఆ తర్వాత వెళ్లి అడగాలి.

అసలు పరీక్ష మొన్న వచ్చింది. పక్కింటి తుగియెమ్ కూతురి పెళ్లి. పెళ్లివంటకు వీధిలో ఆడవాళ్లంతా సాయం వెళతాం కానీ, ఇంటావిడ స్వయంగా గడప దాకా వచ్చి పిలవాలి. ముప్పై ఏళ్లుగా ఏ పెళ్లిలోనైనా అన్నం గుండిగ అత్తయ్యదే. అందరినీ పిలిచిన తుగియెమ్ మా గడప మాత్రం తొక్కలేదు. ఇద్దరూ చిన్ననాటి స్నేహితురాళ్లు కూడా!

తెల్లారేసరికి పక్కింట్లో కొబ్బరి తురిమే సందడి మొదలైంది. అత్తయ్య ముఖం కందగడ్డలా అయింది.

"ఒకటి, హడావుడిలో మరిచిపోయింది," అంది పళ్లు కొరుకుతూ. "రెండు, నా మోకాళ్ల నొప్పి చూసి జాలిపడింది. మూడు... మూడోది తోచి చావడం లేదే!"

"అయితే వెళ్లి అడగండి అత్తయ్యా."

వెళ్లింది. వెనకాలే నేనూ. వంటపందిట్లో ఆడవాళ్లంతా తలలెత్తి చూశారు.

"ఏమే తుగియెమ్, నన్నెందుకు పిలవలేదే?"

తుగియెమ్ తల వంచుకుంది. "భయమేసిందే. మీవాడి పెళ్లిలో గుండిగ నాకప్పగించి, అన్నం మాడిందని అందరి ముందూ నన్ను కడిగేశావుగా. రెండుసార్లు మీ గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగాను."

అత్తయ్య మెడనరాలు ఉబ్బాయి. అంతలోనే వేళ్ల మీద మూడోది లెక్కపెట్టుకుంది. "అంటే నా నోరేనన్నమాట కారణం."

గిర్రున తిరిగి ఇంటికి నడిచింది. అయిపోయింది, ఇక ఈ జన్మకి మాటల్లేవనుకున్నాం. ఆవిడ మా గడప మీద కూర్చుని అక్కణ్నుంచే కేకేసింది.

"ఇంకా చూస్తావేమే? వచ్చి పిలువు! నేను నోరెత్తితే ఒట్టు!"

తుగియెమ్ చేతులు చీరకు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చింది. "నా కూతురి పెళ్లే సుపార్మీ. అన్నం నీ చేత్తోనే దించాలి," అంది.

ఒట్టు వేసిన మనిషి ఒక్క తిట్టూ లేకుండా స్నేహితురాలి భుజం మీద తల పెట్టి బావురుమంది.