మోటార్ల శ్రుతిలో ఎనిమిదో పాట

ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి ఆ నెల కీబోర్డు మామ ఇంట్లో ఉండేది. మిగతా ఏడాదంతా అది ఆర్కెస్ట్రా వాళ్ళతో కదిరి, హిందూపురం, చిలమత్తూరు అంటూ టెంపోలో తిరిగేది. మామ అంటే మా అమ్మ తమ్ముడు. ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించేది ఆయనే గానీ కీబోర్డు ఆయనది కాదు, ఓనరుది. ఆ ఏడు ఓనరు ముందే చెప్పేశాడు, జనం డీజే బాక్సులే అడుగుతున్నారు, శ్రావణం పెళ్ళిళ్ళు అయిపోగానే కీబోర్డు అమ్మేసి బాక్సులు తెచ్చుకుంటానని. అంటే మా ఆల్బం పూర్తి చేయాలంటే ఆ ఒక్క ఆషాఢమే ఉంది.

ఆల్బం అనే మాట నాది. మామ దాన్ని "ఆ పని" అనేవాడు.

నేను పెరిగింది బెంగళూరులో. తొంభైల చివర్లో సెలవులకు ఊరికి వెళ్తే మామ దగ్గర ఒక అట్టపెట్టె నిండా ఇంగ్లండు, జర్మనీ బ్యాండ్ల క్యాసెట్లు ఉండేవి. మా ఇంటికి వచ్చినప్పుడల్లా మెజెస్టిక్ బస్టాండు దగ్గర ఫుట్‌పాత్ మీద ఏరుకున్నవి. వాటిలో గిటారు ఉండదు, డ్రమ్ములు కొట్టే మనిషి ఉండడు, అన్నీ మిషన్లే. వాటి మీద ఒక మనిషి గొంతు, బస్టాండులో బస్సుల పేర్లు చదివినంత నిదానంగా. అయినా క్యాసెట్టు తిప్పి పెట్టి మళ్ళీ మొదటినుంచి వినేదాన్ని. కాలేజీకి వచ్చాక నా ఫోన్లో కొత్త బ్యాండ్లు వింటున్నప్పుడు, ఇవన్నీ మామ క్యాసెట్లకు పుట్టిన పిల్లలే కదా అనిపించింది. అలాంటి పాటలు తెలుగులో మనమే చేద్దామా అని ఫోన్లో అడిగాను. మామ, తన దగ్గర ఎప్పటినుంచో ట్యూన్లున్నాయని, పెళ్ళిళ్ళలో అందరూ సినిమా పాటలే అడుగుతారని, సొంతవి వాయించమని ఇంతవరకూ ఎవరూ అనలేదని చెప్పాడు.

ఉద్యోగంలో చేరేలోపు నాకు నెల ఖాళీ ఉంది. సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్, ఒక మైకు పట్టుకొని కదిరిలో దిగి, ఆటోలో వాళ్ళ ఊరికి వెళ్ళాను. లాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. ప్లగ్గులో ఉంటేనే నడుస్తుంది. ఊళ్ళో కరెంటు రోజుకు కొన్ని గంటలే ఇచ్చేవాళ్ళు, అదీ పొలాలకూ ఇళ్ళకూ కలిపి ఒకేసారి. నెల మొదట్లో ఒక మంచి వాన పడింది. అందరూ విత్తనం వేశారు. బోరు మోటార్లతో ఎవరికీ పనిలేదు. ఆ రోజుల్లో ఏడు పాటలు చకచకా అయిపోయాయి. మామ వాయించేవాడు, నేను రికార్డు చేసి పాడేదాన్ని. అత్త తలుపు దగ్గర నిలబడి, మిషన్లు ఏడుస్తున్నట్టుందని నవ్వేది.

ఎనిమిదోది మిగిలింది. అది మామ అన్నిటికంటే ముందు కట్టిన ట్యూను, పెళ్ళి కూడా కాకముందుది. అది లేకపోతే ఆ పని చేసినట్టే కాదన్నాడు. సరిగ్గా అప్పుడే వాన ముఖం చాటేసింది. శనక్కాయ మొలకలు వాడిపోతుంటే ఊరంతా మోటార్లు వేసుకోవడం మొదలుపెట్టారు. మామ ఇంటి గోడ పక్కనే ట్రాన్స్‌ఫార్మరు. ఇప్పుడు కరెంటు రాగానే అన్ని మోటార్ల బరువూ మీద పడి అది గుమ్మని మోగేది. ఆ మోత లాప్‌టాప్‌లోకి, మైకులోకి, ప్రతి టేకులోకి వచ్చి కూర్చునేది. కరెంటు లేకపోతే లాప్‌టాప్ లేదు, కరెంటు ఉంటే మోత.

నాలుగు రోజులు ఓర్చుకున్నాను. ఐదో రోజు ఆ మోత ఎక్కడిదాకా వినిపిస్తుందో ఫోన్లో రికార్డు చేసుకుంటూ పక్క పొలం పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. ఒక్క అరగంట మోటారు ఆపమని అడిగాను. ఆయన పార పక్కన పెట్టి నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"అరగంటా? వాళ్ళిచ్చేదే మూడు గంటలు. నీ పాట కోసరం నా చెట్లు ఎండబెట్టుకోవాల్నా?"

ఈ ఊళ్ళో పాటంటే ఎవరికీ లెక్కలేదని, మా మామ జీవితమంతా ఇలాగే పోయిందని అరిచేశాను. ఆయనకు కోపం రాలేదు.

"నన్ను తిట్టి ఏం లాభమమ్మా? నేను ఆపితే నా ఎనకాల ఇంకా ఏడు మోటార్లుండాయి. వాళ్ళందర్నీ తిట్టేసరికి కరెంటే పోతాది."

ఫోన్లో రికార్డింగు ఆన్‌లోనే ఉందని ఇంటికొచ్చాక గానీ చూసుకోలేదు. ఆ ముక్క ఇప్పటికీ నా దగ్గరుంది. నా గొంతు మోటారు కంటే గట్టిగా ఉంటుంది.

ఆ కోపంతోనే కీబోర్డు ముందు కూర్చొని ఒక్కో మెట్టూ గుద్దుతూ పోయాను. అసలు ఈ దరిద్రపు మోత ఏ స్వరమో తేల్చుకోవాలని. మామ అన్నం తింటూ లేచి వచ్చాడు.

"అవేం పాపం చేసినాయే, అట్ల కొడతాండావు?"

ఏ మెట్టుకూ కలవట్లేదని, రెండు మెట్ల మధ్యలో ఎక్కడో ఉందని చెప్పాను. మామ ఎడమచేత్తో హెడ్‌ఫోన్ ఒక చెవికి ఆనించుకొని విన్నాడు. మెల్లగా నవ్వాడు.

"అది మన కాడికి రాదు. మనమే దాని కాడికి పోదాం."

కీబోర్డులో శ్రుతి మార్చే మెనూ వెతికి తీశాను. కొంచెం కొంచెంగా పెంచుతూ పోయాను. మోత, కీబోర్డు రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటూ వణుకుతున్నాయి. ఒకచోట ఆ వణుకు ఆగిపోయింది. ట్రాన్స్‌ఫార్మరు మా పాటకు శ్రుతి పెట్టె అయిపోయింది. మామ చెయ్యి కడుక్కోవడం కూడా మరిచిపోయి కుడిచేత్తోనే మొదలుపెట్టబోతే అత్త అరిచి ఆపింది.

ఆ మధ్యాహ్నం మోటార్లన్నీ ఆడుతుండగానే పాడాను. పల్లవిలో నా గొంతు ఒకచోట చీలింది. మళ్ళీ పాడతానంటే మామ వద్దన్నాడు. చరణం చివర వోల్టేజీ పడి ఫ్యాను నెమ్మదించింది, కానీ లాప్‌టాప్ ఆగలేదు. సేవ్ చేసి తల ఎత్తేసరికి మామ గోడవైపు తిరిగి ఉన్నాడు. నేను హెడ్‌ఫోన్ వైరు చుట్టడం మొదలుపెట్టాను.

శ్రావణంలో మొదటి ముహూర్తానికి ముందురోజు ఓనరే టెంపో తీసుకొని వచ్చాడు. మామ కీబోర్డుకు కవరు తొడిగి తనే మోసుకెళ్ళాడు. నేను ఊరుకోలేక, ఇంత మంచి కళాకారుణ్ణి వదులుకుంటున్నావని ఓనరుతో గొడవపడ్డాను. నేనేం చేసేదమ్మా, జనాలకు అదురు కావాల, అన్నాడాయన. మామ చాలించమని కళ్ళతో సైగ చేశాడు. ఎనిమిది పాటలూ ఆయన ఫోన్లో మెమరీ కార్డుకు ఎక్కించి నేను బెంగళూరు బస్సెక్కాను.

శ్రావణం ఆఖర్లో ఆఫీసు బస్సులో ఉన్నప్పుడు మామ ఫోన్ చేశాడు. వెనకాల ఏదో గోల. చిలమత్తూరు దగ్గర పెళ్ళికి ఓనరు డీజే బాక్సులు అద్దెకు తెచ్చి చూస్తున్నాడట. వాటిని ఆడించే కుర్రాడు ఎంతకీ రాలేదట. పందిట్లో జనం గొణుగుతుంటే మామ తన కార్డు తీసి పెట్టాడట.

"నాలుగో పాటకు బాక్సులు అదిరిపోతాండాయే. పిల్లోళ్ళు ఎగరతాండారు. ఓనరు వచ్చి, ఇది ఏ సినిమాదప్పా అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"మా అక్క కూతురూ నేనూ చేసినామంటి."

ఓనరు చాలాసేపు బాక్సు పక్కనే నిలబడ్డాడట. ఇట్లాంటివి ఇంకా చేసేటట్లుంటే కీబోర్డును ఎవరికీ ఇవ్వను, నీ ఇంట్లోనే పెట్టుకో అన్నాడట. బాక్సులు మాత్రం కొంటానన్నాడట.

ఆయన మాట మారిస్తే ఎలా, ముందే గట్టిగా మాట్లాడుకోవాల్సింది కదా అని నేను అరుస్తుంటే పక్క సీటు ఆవిడ తిరిగి చూసింది. మామ నన్ను సాంతం అరవనిచ్చి, తొమ్మిదోది ఒకటి ఉందే, వింటావా అన్నాడు. నేను ఫోన్ చెవికి గట్టిగా అదుముకున్నాను. ఆ గోలలోనే ఆయన నోటితో మొదలుపెట్టాడు.