ప్రార్థనలో కండ్లు తెరిచిన కోడలు

ఈ రోజు చర్చి అయిపోయినాక పాస్టరు అయ్యగారు కల్లూరులోని మా ఇంటికి భోజనానికి వచ్చారు. అత్త కోడికూరలోంచి పెద్ద లెగ్ పీసు ఏరి మరీ ఆయన ప్లేటులో వేసింది. అందరం కండ్లు మూసుకున్నాం. అయ్యగారు మా ఇంటితో ఆపకుండా వీధి మొత్తానికీ దీవెనలు అడుగుతుంటే, మా పిల్లి చిట్టి పక్క కుర్చీ ఎక్కి, ఆ ముక్క నోట కరుచుకుని సోఫా కిందికి పోయింది. నేను చూశాను. అరిస్తే ప్రార్థన చెడుతుందని ఊరుకున్నాను.

ఆమెన్ అన్నాక అత్త ఆ ప్లేటు చూసి, "అయ్యో, ముక్క ఎయ్యడం మర్చిపోతినా?" అని నొచ్చుకుంది. అంతలో సోఫా కింద ఎముక కొరికే చప్పుడు.

"ఈ పిల్లి ఎప్పుడొచ్చెనే?" అంది అత్త.

"అయ్యగారు వీధి కోసం ప్రార్థన చేస్తాన్నప్పుడు," అనేశాను.

"అంటే నువ్వు కండ్లు తెరుచుకోని ఉండావన్నమాట!"

అయ్యగారు పగలబడి నవ్వి, మిగిలిన ముక్కలతోనే తృప్తిగా తిన్నారు. సాయంత్రానికి అత్త పిల్లిని క్షమించి పాలు కూడా పోసింది. నాతో మాత్రం ఇంకా మాట్లాడలేదు.

మీరే చెప్పండి, ప్రార్థన మధ్యలో పిల్లిని అదిలించొచ్చా, కూడదా?