మామయ్యగారి ఇనుప గేదె

మా మామయ్యగారు పోయిన నెలలో చనిపోయారు. పెరట్లో షెడ్డులో, స్టూలు మీద కూర్చుని ఉండగానే. జ్ఞాపకార్థ కూడికలో పాస్టరుగారు ఆయన్ని శాంతమూర్తి అన్నారు. వంటింటి గుమ్మం దగ్గర నిలబడి విన్న నాకు ఒళ్లు మండింది. ఆయన శాంతంగా ఉండగా ఈ ఇంటి గోడలు కూడా చూడలేదు. నేను ఐదో తరగతితో బడి మానేసిన దాన్ని. నలుగురిలో నోరు తెరవలేను. అందుకే రాస్తున్నాను.

ఆయన బతుకంతా గేట్లు, ట్రాక్టరు ట్రక్కులు వెల్డింగు చేశారు. పెద్దవయసులో, ఎవరూ అడక్కుండానే, ఒక ఇనుప గేదెను కట్టడం మొదలుపెట్టారు. పాత డిస్కులు, నాగలి కర్రులు, సైకిలు గొలుసులతో నా తలకంటే ఎత్తు లేచింది. నేను మిరపకాయలు ఆరబోసుకునే చోటంతా ఆయన తుక్కే. తీగ మీద ఉన్న నా పెళ్లిచీరకి నిప్పురవ్వలు పడి చిల్లులు పడ్డాయి.

“అక్కడెవరు ఆరెయ్యమన్నారు?” అని నన్నే తిట్టారు.

పెళ్లయి మూడేళ్లయినా అప్పటిదాకా నేను ఆయన ఎదుట నిలబడలేదు. ఆయన ఏదన్నా చెప్పాలంటే గోడకేసి చెప్పేవారు. నేను తలుపు చాటున గాజులు చప్పుడు చేసేదాన్ని. ఒక మధ్యాహ్నం గేదె కాలు పట్టుకోవడానికి ఇంట్లో ఎవరూ లేరు. గుమ్మం ముందు ఒక వెల్డింగు మాస్కు పెట్టారు.

“అది తగిలించుకో. నీ మొహం నాకు కనపడదు, నా మొహం నీకు కనపడదు. వచ్చి పట్టుకో.”

నల్లద్దం వెనక నేను ఆయనతో అన్న మొదటి మాట: “నా చీర పాడుచేశారు మామయ్యా.”

“ఓహో, నోరుందే!”

అప్పటినుంచి మధ్యాహ్నాలన్నీ తగువులే. నాకు వెల్డింగు నేర్పారు, నేర్పినంతసేపూ తిట్టారు.

“ఏంటమ్మాయ్ ఈ ముద్ద? గేదెకి పేడ వెనకాల ఉండాలి, కాలి మీద కాదు.”

“మీరు నేర్పిందే మామయ్యా.”

గేదే ఎందుకని ఒకసారి అడిగాను. “ఎద్దునైతే ప్రతివాడూ చేస్తాడు. పాలిచ్చేదాన్ని ఎవడూ చెయ్యడు” అన్నారు. ఆ ఒక్క మాటకే ఆయన్ని క్షమించేదాన్నే. వెంటనే టీ చల్లారిందని అరిచారు.

చివరికి ఎడమ చెవి మిగిలింది. నేను పట్టుకుంటే అది పక్కకి జారింది.

“చెయ్యి ఆగదు, నోరూ ఆగదు. పో, వంట చేసుకో!”

చెవి కింద పడేసి, “మీ గేదె చెవిటిదిగానే ఉండనీండి” అని వచ్చేశాను. మూడో రోజు ఆయన పోయారు. నేను తిరిగి వెళ్లేదాకా కూడా ఆగలేదు. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

కూడిక మర్నాడు మా బావగారు గ్యాస్ కట్టర్ తెచ్చారు. “ముక్కలు చేసి పాతసామాన్ల వాడికిచ్చేద్దాం. పెరడు ఖాళీ అవుద్ది” అన్నారు. మా ఆయన నేల చూపులు చూశారు. నేను మాస్కు తగిలించుకుని గేదెకి అడ్డంగా నిలబడ్డాను.

“దీన్ని ముట్టుకుంటే ఊరుకోను బావగారూ.”

“ఎవరిదిరా ఆ గొంతు?” అన్నారాయన మా ఆయనతో. నా గొంతు ఆయన ఎప్పుడూ వినలేదు మరి. కట్టర్ సర్దుకుని వెళ్తూ, “అచ్చం నాన్న నోరే!” అని విసుక్కున్నారు.

ఆ మధ్యాహ్నమే చెవి అతికించాను. వంకరగా, వంటింటి వైపు తిరిగి నిలబడింది. దాని మొదట్లో ఇంత అతుకు ముద్ద, ఆయన భాషలో పేడ. మాస్కు పైకెత్తకుండా, తిట్టు కోసం కాసేపు అలాగే నిలబడ్డాను.