మూడు నీళ్లలో కడిగిన నాచు

రామేశ్వరం వెళ్లొచ్చిన తోటి టీచర్ ఒకామె సంచి నిండా ఎండిన సముద్రపు నాచు తెచ్చిచ్చింది. దాన్ని కాల్చి అయోడిన్ తీసి చూపిస్తానని పదో తరగతి పిల్లల ముందు గొప్పలు పోయాను. బాన్సువాడలో సముద్రాన్ని చూసిన పిల్లలెంతమంది? కెమిస్ట్రీ చెప్పేదాన్ని, ఆ మాత్రం పొగరు నాకుంది.

మర్నాడు ల్యాబులోకి వెళ్తే నాచు పాత చీర ముక్క మీద ఆరేసి ఉంది. మా ల్యాబ్ అటెండెంట్ నవ్వుతూ నిలబడింది. దగ్గరి తండా మనిషి, కాంట్రాక్టు కొలువు. బడిలో నన్ను 'అక్కా' అనేది ఆమె ఒక్కతే.

"ఏంది చెల్లె గిది?"

"మస్తు ఇసుకుండె అక్కా. నిన్ననే తోటకూర లెక్క మూడు నీళ్లల్ల కడిగిన. పోరగాళ్లు ముట్టుకుంటరు గద!"

కడిగితే అయోడిన్ కొంత నీళ్లలో పోతుంది. పళ్లు కొరుక్కుని, పిల్లల ముందు కొంత నాచు కాల్చాను. బూడిదను నీళ్లలో మరిగించి, వడకట్టి, యాసిడ్ పోసి, అయోడిన్‌ను బయటికి లాగే పెరాక్సైడ్ కలిపాను. చివర్న ఆమె ఇంటి నుంచి తెచ్చిన గంజి వేశాను. అయోడిన్ ఉంటే నీలం రావాలి. రాలేదు.

"సముద్రం గీడికొచ్చేసరికి ఎండిపాయె మేడం," అన్నాడొకడు. క్లాసంతా నవ్వింది.

ఆ నవ్వు నా మీద. నేను దాన్ని ఆమె మీదికి తోశాను. "తోటకూర కడిగే చేతులకు ల్యాబెందుకు?" అన్నాను, పిల్లలందరి ముందు. సంగతి విని హెడ్మాస్టరు రాసిమ్మంటే రాసిచ్చాను కూడా. తీసేయమని రాయలేదు, నిజమే. 'నిర్లక్ష్యం' అని రాశాను. కాంట్రాక్టు మనిషికి ఆ ఒక్క మాట చాలని తెలియని అమాయకురాలినా నేను? సోమవారానికి కొత్త మనిషి వచ్చింది.

కొన్నాళ్లకు ల్యాబులో గాజు గుచ్చుకుని వేలు తెగింది. ఆ పెరాక్సైడే పోసుకున్నాను. గాయం మీద బుసబుసా పొంగాలి, ఒక్క నురగ బుడగ లేదు. కిటికీ ఎండలో ఎన్నాళ్ల నుంచి ఉందో, సీసాలో మిగిలింది ఉత్త నీళ్లే. మెడికల్ షాపులో కొత్త సీసా కొని, పిల్లలు వెళ్లిపోయాక మిగిలిన నాచంతా కాల్చాను. మూడు నీళ్లలో కడిగిన ఆ నాచే. గంజి చిక్కటి నీలంగా మారింది.

ఆమెను మళ్లీ తీసుకోమని హెడ్మాస్టరుతో పోట్లాడాను. "రాసిచ్చింది మీరే గదమ్మా," అన్నాడు.

ఆమెను వెతుక్కుంటూ వెళ్తే బిచ్కుంద రోడ్డు పక్క పొలంలో నాట్లు వేస్తోంది. మోకాళ్ల దాకా బురదతో గట్టు మీదికొచ్చింది.

"గింత దూరమొచ్చిండ్రేంది మేడం?"

"తప్పు నీది కాదు చెల్లె. సీసా పాడైంది. నేనే చూసుకోలేదు."

ఆమె నా మొహం చూసింది. "మరి నీలం అచ్చిందా?"

"వచ్చింది."

"పోరగాళ్లు చూసిండ్రా?"

"లేదు. ఒక్కదాన్నే చేశాను."

"అయ్యో, గా నాచు ఇంకింత మిగిలిందా?"

మిగల్లేదన్నాను. ఆమె తలూపి, బస్సు వచ్చేదాకా నా పక్కనే నిలబడింది. అక్కా అంటుందేమోనని ఎదురుచూశాను.

"పైలంగా పోండి మేడం," అంది.